హార్మోన్ పేరు వినగానే దాని రిసెప్టర్ ఎక్కడుందో చెప్పడం ఎలా

రిసెప్టర్ అంటే హార్మోన్ వచ్చి అతుక్కునే ప్రోటీన్. అదెక్కడుందో చెప్పాలంటే ముందు ఆ హార్మోన్ నీళ్లలో కరుగుతుందా, కొవ్వులో కరుగుతుందా చూడండి, సగం పని అక్కడే అయిపోతుంది. ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాలున్న ప్రోటీన్, నీళ్లలో కరిగే రకం, కణపొర దాటి లోపలికి పోలేదు, అందుకే దాని రిసెప్టర్ పొర మీదే ఉంటుంది: బయటున్న ఆల్ఫా భాగానికి ఇన్సులిన్ అతుక్కోగానే లోపలి బీటా భాగాలు ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించుకుంటాయి, ఆ కబురు అంది కండర కణాల్లో గ్లూట్4 అనే గ్లూకోజ్ మోసే ప్రోటీన్ పొర మీదకొచ్చి గ్లూకోజ్‌ని లోపలికి పంపుతుంది. ఈ వరుసంతా బొమ్మ గీసుకుంటూ చదవండి, బట్టీ పట్టొద్దు. అడ్రినలిన్ కూడా నీళ్లలో కరిగేదే, దాని రిసెప్టర్ కూడా పొర మీదే. కార్టిసాల్ కొలెస్ట్రాల్ నుంచి తయారై కొవ్వులో కరుగుతుంది కాబట్టి పొర దాటేసి, కణద్రవ్యంలో రిసెప్టర్‌ని పట్టుకుని దానితో కలిసి కేంద్రకంలోకి పోతుంది. థైరాయిడ్ హార్మోన్ దగ్గర మాత్రం జాగ్రత్త! అదీ, అడ్రినలిన్ రెండూ టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచే వస్తాయి, కానీ థైరాయిడ్ రిసెప్టర్ కేంద్రకంలో ఉంటుంది, అందుకని ముడిసరుకు ఒక్కటే చూసి జవాబు రాసేయకండి.