పిల్లల బండి, వీల్‌చైర్ తీసుకుని తేలినీలాపురం వెళ్లేవాళ్లకు

శ్రీకాకుళం జిల్లాలో చిన్నపిల్లలకు పక్షులను చూపించాలంటే మొదట టెక్కలి దగ్గరి తేలినీలాపురం వెళ్లండి. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి, ముళ్లపొదల్లోకి దూరే పనిలేదు. అవి సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి మార్చి దాకా ఉంటాయి. వాటిని సైబీరియా పక్షులని అందరూ అంటారు గానీ, ఈ రెండూ దక్షిణాసియా పక్షులే. చలికాలం ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర లోపు వెళ్తే ఎండ బాధ ఉండదు. గూడబాతుల గూళ్లలో పిల్లలుంటే, అవి తల్లి ముక్కు కింది సంచిలో తల దూర్చి చేపలు తినడం కనబడుతుంది. ఇచ్ఛాపురం వైపు తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు దిగేది వానాకాలంలో. అప్పుడు బురదలో చక్రాలు కదలవు, ఎత్తుకుని తిప్పగలిగితేనే అటు వెళ్లండి.

ముందురోజు ఫోన్ చేసి అటవీ శాఖ వాళ్లను గానీ, తెలిసిన ఊరివాళ్లను గానీ కనుక్కోండి. "వీల్‌చైర్ వెళ్తుందా?" అంటే అందరూ "వెళ్తుందండి" అనే చెబుతారు. అందుకని కొలతలు అడగండి. గేటు తెరిస్తే దారి మూడడుగులు ఉంటుందా? ఎక్కడైనా మెట్టు ఉందా? దారి సిమెంటా, ఇసుకా? మరుగుదొడ్డి తలుపులోంచి కుర్చీ పడుతుందా? వీల్‌చైర్ తిరగాలంటే ఐదడుగుల జాగా కావాలి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉంటే సొంతంగా తోసుకోగలరు, అంతకంటే నిటారుగా ఉంటే వెనక ఒకరు ఉండాల్సిందే. నిటారు వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దించండి, లేకపోతే మనిషి ముందుకు జారతారు. వాచ్ టవర్ మెట్లు చక్రాలకు పనికిరావు. ఆ ఆశ పెట్టుకోకుండా కిందినుంచే చూసే చోటు వెతుక్కోండి.

చిన్న చక్రాల మడత బండి ఇసుకలో ముందు చక్రం పాతుకుపోయి ఆగుతుంది. అప్పుడు ముందుకు తోస్తే బండి బోర్లా పడుతుంది. వెనక్కి తిప్పి లాగితే పెద్ద చక్రాలే దారి చేసుకుంటాయి. గూళ్ల కింద మాత్రం బండి ఆపకండి. పైనుంచి రెట్టలు, ఒక్కోసారి చేప ముక్కలు కూడా పడతాయి. టోపీ తప్పనిసరి. వాసన కూడా గట్టిగానే ఉంటుంది, పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

మూడేళ్ల పిల్లలు ఆగుతూ ఆగుతూ గంటకు ఒక కిలోమీటరు నడిస్తే ఎక్కువ. వెళ్లడానికే శక్తి అంతా అయిపోతే తిరుగు దారిలో ఎత్తుకోవాల్సింది మీరే, కాబట్టి వాళ్లు ఇంకా హుషారుగా ఉన్నప్పుడే వెనక్కి తిరగండి. తలా అర లీటరు నీళ్లు, చోడి (రాగి) అంబలి, రెండు అరటిపళ్లు చాలు. ఐదేళ్ల లోపు వాళ్లకు బైనాక్యులర్స్ దండగ.

ఇక పిల్లల చేతుల సంగతి. ఈ జిల్లాలోనే ఉన్న ఉద్దానం ప్రాంతపు తోటల్లో వేసవిలో పచ్చి జీడిపిక్క కనబడితే పట్టుకోనివ్వకండి, పెంకులోని జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది. అంటుకుంటే వెంటనే సబ్బుతో కడగండి. జిల్లేడు పాలు కంట్లో పడితే పావుగంట ఆగకుండా నీళ్లు పోసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. దూలగొండి కాయ నూగు అంటితే రుద్దకూడదు, రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. ముందు సెల్లోటేపు అంటించి పీకి, తర్వాత కడగండి. అన్నింటికంటే ప్రమాదం గురివింద గింజ. ఎర్రగా ముద్దొస్తుంది, నమిలితే ప్రాణం తీస్తుంది. నోట్లో పెట్టుకున్నారన్న అనుమానం ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

పాము కరిస్తే కట్టు బిగించవద్దు, కోయవద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

తిరుగు దారిలో వజ్రపుకొత్తూరు, మందస వైపు జీడితోటల్లోకి దిగి ఫొటోలు తీసుకోవాలనిపిస్తుంది. తెల్లవారుజామున, చీకటి పడే వేళ అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి, మనుషుల మీద పడిన సందర్భాలూ ఉన్నాయి. కారు రోడ్డు మీదే ఆపి, పిల్లలను దింపకుండా అద్దంలోంచే చూపించండి.