వానలు పడకముందే గేటు కాలింగ్ బెల్ సంగతి చూసుకోండి

ఫ్యాను ఆగితే గంటలో మనిషిని పిలుస్తాం. కాలింగ్ బెల్ పాడైతే మాత్రం "తలుపు కొడతార్లే" అని నెలలు గడిపేస్తాం. ఎండాకాలంలో అలా గడిచిపోయినా, రోహిణి కార్తె వెళ్లి మృగశిర వచ్చేలోపు, అంటే జూన్ మొదటి వారంలోపు, దాన్ని ఒకసారి విప్పి చూడాలి. ఎందుకంటే ఇంట్లో ఉన్న స్విచ్చులన్నిటిలో బయటివాళ్లు నొక్కేది ఇదొక్కటే. తడిసిముద్దయి వచ్చిన కొరియర్ అబ్బాయి, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చిన పక్కింటి పిల్లాడు, పొద్దున్నే పాలప్యాకెట్ వేసే మనిషి, అందరూ వాననీళ్లలో నిలబడి తడి వేలితో నొక్కేది దాన్నే. అపార్ట్‌మెంట్లలో బెల్ స్విచ్ కారిడార్‌లో ఉంటుంది కాబట్టి, గోడకు చెమ్మ లేకపోతే అంత టెన్షన్ అక్కర్లేదు. ఇదంతా ముఖ్యంగా గేటు స్తంభానికి బెల్ బిగించుకున్న ఇళ్ల కోసం.

మన దగ్గర మామూలు బెల్ నేరుగా 230 వోల్టుల మీద నడుస్తుంది. అమెరికాలో చాలా ఇళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 16 వోల్టుల దగ్గరకు తగ్గిస్తారు. అందుకే అక్కడివాళ్ల వీడియోల్లో ఆయనెవరో రెండు వైర్లూ ఒట్టి చేత్తో పట్టుకుని కబుర్లు చెబుతుంటాడు. అది చూసి మనవాళ్లు ఇక్కడ స్క్రూడ్రైవర్ పట్టుకుంటే ప్రాణాల మీదకొస్తుంది. పిల్లలు అక్కణ్ణుంచి తెచ్చిన వైర్ల వీడియో డోర్‌బెల్‌తో కూడా ఇదే గొడవ. అవి సాధారణంగా 16 నుంచి 24 వోల్టులకు తయారైనవి. పాత బెల్ వైర్లు విప్పి దానికి తగిలిస్తే మాడిపోతుంది, మంటలు కూడా రావచ్చు.

విప్పేముందు కరెంటు ఆపడం అందరికీ తెలిసిన మాటే. కానీ మెయిన్ దించితే పనైపోయిందనుకోవద్దు. కరెంటు పోయినా బెల్ మోగాలని చాలా ఇళ్లలో దాన్ని ఇన్వర్టర్ లైనులో కలుపుతారు. మెయిన్ దించిన మరుక్షణం ఇన్వర్టర్ అందుకుంటుంది. పోనీ ఇన్వర్టర్ ఒక్కటే ఆపితే, మెయిన్ కరెంటు దాని గుండానే బైపాస్ అయి వస్తుంది. రెండూ ఆపాలి. ఆపి, ఇంట్లోవాళ్లందరికీ చెప్పి, ఎంసీబీ (బోర్డులో లైను ఆపే స్విచ్) మీద ఒక టేపు ముక్క అతికించండి. లేకపోతే ఫ్యాను తిరగట్లేదేంటని ఎవరో ఒకరు వెళ్లి ఎత్తేస్తారు.

ఆపేముందు టెస్టర్‌ని కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి అసలు వెలుగుతోందో లేదో చూసుకోండి. మధ్యాహ్నం ఎండలో దాని వెలుగు కనపడదు, చేత్తో నీడ చేసి చూడాలి. "బెల్ నొక్కాను, మోగలేదు, కాబట్టి కరెంటు లేదు" అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. అది పాడైన బెల్ కదా! కరెంటు ఆపాక, స్విచ్ దగ్గర రెండు స్క్రూలకూ, లోపల బెల్ దగ్గర రెండు స్క్రూలకూ విడివిడిగా టెస్టర్ పెట్టి చూడండి. వైర్ల రంగులు నమ్మొద్దు. ఎరుపు ఫేజ్ (కరెంటు వచ్చే వైరు), నలుపు న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) అన్నది పద్ధతే కానీ, పాత ఇళ్లలో చేతికి దొరికిన ముక్కతో అతుకులు వేసి ఉంటారు. ఫేజ్ స్విచ్ గుండా వెళ్లాల్సింది పోయి న్యూట్రల్ వెళ్లిన ఇళ్లూ ఉంటాయి. అలాంటి చోట బెల్ మోగకపోయినా దాని లోపల ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వస్తే ఈ ఒక్కటీ సరిచేయమని అడగండి. "రెండు నిమిషాల పని సార్, మెయిన్ ఆపక్కర్లేదు" అంటే మాత్రం, "అన్నా, ఆపి చెయ్యి, ఐదు నిమిషాలైనా పర్లేదు" అని గట్టిగా చెప్పండి. కాళ్లకు ఎండిన రబ్బరు చెప్పులు, ఎక్కడానికి చెక్క స్టూలు. అల్యూమినియం నిచ్చెన వద్దు.

మూత తీశాక కనపడేదాన్ని బట్టే సగం జబ్బు తెలిసిపోతుంది. నొక్కినప్పుడు వంగే ఇత్తడి రేకు మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. మూలల్లో చీమలు గుడ్లతో సహా కాపురం పెట్టి ఉంటాయి, ఒక్కోసారి పురుగులు మట్టిగూడు కట్టి ఉంటాయి. రేకు గీకి మళ్లీ బిగిస్తే బెల్ మోగుతుంది, నిజమే. కానీ నీళ్లు వచ్చిన దారి అలాగే ఉంటుంది. గేటు దగ్గర చిలుము పట్టిన స్విచ్‌ని బాగుచేయొద్దు, తీసి పారేయండి.

నొక్కినప్పుడు లోపల గుర్రుమంటుంది కానీ మోగదంటే, డింగ్‌డాంగ్ బెల్‌లో కాయిల్ మధ్య కదిలే ఇనుప కడ్డీ దుమ్ముకు పట్టేసిందన్నమాట. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. నూనె వేయొద్దు, ఇంకాస్త దుమ్ము అంటుకుంటుంది. స్విచ్ లోపలికి నొక్కుకుపోయి అలాగే ఉండిపోతే మాత్రం కాయిల్ వేడెక్కి మాడుతుంది. కాలిన వాసన వస్తే వెంటనే ఎంసీబీ, ఇన్వర్టర్ రెండూ ఆపి, ఆ బెల్ మార్చేయడమే. వానలో ఎవరూ నొక్కకుండానే మోగిందంటే స్విచ్‌లోకి నీళ్లు దిగాయని అర్థం. దెయ్యమని నవ్వుకుని ఊరుకోకుండా ఆ క్షణమే ఆపేయాలి. ఆ రెండూ ఆపకుండా, తడి గుడ్డతో స్విచ్ తుడవడానికి మాత్రం వెళ్లకండి.

నన్నడిగితే, గేటు దాకా 230 వోల్టులు తీసుకెళ్లడమే మానేయడం మేలు. వైర్లెస్ బెల్ పెట్టుకోండి. గేటు దగ్గర బ్యాటరీ బటన్, లోపల ప్లగ్గులో పెట్టే బెల్, అంతే. మధ్యలో స్లాబు, గోడలు ఎక్కువుంటే డబ్బా మీద రాసినంత దూరం అందదు కాబట్టి, బిగించేముందు గేటు దగ్గర ఒకరు, లోపల ఒకరు నిలబడి చూసుకోవాలి. బటన్‌లో బిళ్ల బ్యాటరీ ఉంటే, పాతది పిల్లలకు దొరక్కుండా చూడండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది, తెల్లారాక చూద్దాంలే అనే పని కాదది. పాత వైరును గోడలో అలాగే వదిలేయకుండా, లోపలి చివర కూడా కనెక్షన్ నుంచి విప్పించి, చివర్లు మూయించండి.

వైరు బెల్లే కావాలంటే, రబ్బరు వాషర్ ఉన్న వాటర్‌ప్రూఫ్ స్విచ్ తెచ్చి, సజ్జ కింద ఉండేలా బిగించండి. వైరు డబ్బాలోకి కింది నుంచి ఎక్కాలి. పైనుంచి దిగితే దాని వెంబడే నీళ్లూ దిగుతాయి. పైపులో పోవాలి, ఇనుప గేటుకో గ్రిల్లుకో కట్టకూడదు, ఆరుబయట టేపు అతుకు ఉండకూడదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఉందో లేదో చూసి, ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కండి. పడిపోకపోతే అది బొమ్మే. ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మెయిన్ దగ్గరున్న ఆర్‌సీసీబీ ఆ లైనును కాపాడలేదన్నది కూడా గుర్తుంచుకోండి.

ఎవరికైనా షాక్ కొట్టి అతుక్కుపోతే చేత్తో లాగొద్దు. ముందు మెయిన్, ఇన్వర్టర్ ఆపాలి. అది వీలుకాకపోతే ఎండిన కర్రతో తప్పించి, 108కి ఫోన్ చేయాలి. ఊపిరి లేకపోతే అంబులెన్సు వచ్చేదాకా ఛాతీ మీద నొక్కుతూనే ఉండాలి.

బెల్ లైను పూర్తిగా ఆపాక కూడా గేటు ముట్టుకుంటే జివ్వుమంటోందా? అయితే అది బెల్ తప్పు కాకపోవచ్చు. మెయిన్ దించినా అలాగే ఉంటే, కరెంటు స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ఎక్కడో రేకుకో గేటుకో రాసుకుంటూ ఉండొచ్చు. దాన్ని మీరు కానీ ఎలక్ట్రీషియన్ కానీ ముట్టుకోకూడదు. 1912కి ఫోన్ చేసి కరెంటు ఆఫీసువాళ్లను పిలవండి. వాళ్లొచ్చేదాకా గేటు దగ్గరకు ఎవరూ రాకుండా ఒక మనిషిని దూరంగా నిలబెట్టండి.