పరిశోధన నైపుణ్యాలతో కొత్త సిలబస్ - 4వ పాఠం: ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది

పోయిన పాఠంలో ఒక పట్టిక గీశాం. ఏ నైపుణ్యం ఏ కోర్సులో మొదలవుతుంది, ఎక్కడ సాధన జరుగుతుంది, ఎక్కడికి వచ్చేసరికి పట్టు చిక్కాలి అని. అది మనం అనుకున్నది మాత్రమే. పిల్లలకు నిజంగా ఏం వచ్చిందో ఇప్పుడు చూద్దాం.

సెమిస్టర్ చివర ఫారం ఇచ్చి "మీ నైపుణ్యం పెరిగిందా?" అని అడిగితే తెలిసేది వాళ్ల నమ్మకం. పైగా పరిశోధన ఎంత కష్టమో అర్థమయ్యాక, బాగా నేర్చుకున్నవాళ్లే ఒక్కోసారి తమకు తక్కువ వేసుకుంటారు. ఆ ఫారం ఒక్కటే చూసి కోర్సు దెబ్బతిందని తేల్చేస్తే మంచి కోర్సు పోతుంది. అందుకే వాళ్లు రాసిన కాగితమే చదవాలి.

మొదటి వారంలోనే ఒక అంశం ఇచ్చి 40 నిమిషాల్లో ఒక పరిశోధన ప్రశ్న, దానికి కావలసిన ఆధారాలు రాయించండి. మార్కులు వద్దు, టెన్షన్‌తో రాసింది వేరేగా ఉంటుంది. ఈ వారం దాటితే మళ్లీ దొరకదు. చివర్లో అంతే కష్టమైన మరో అంశం ఇవ్వండి.

మొదటి కాగితంలో ఇలా ఉందనుకోండి: "ఫోన్ వల్ల చదువు పాడవుతోందా?" చివరి కాగితంలో ఇలా: "పరీక్షల ముందు రెండు వారాలు, గ్రంథాలయంలో చదివేవాళ్లకూ గదిలో చదివేవాళ్లకూ చదివిన గంటల్లో తేడా ఎంత?" ఎవరిని, ఎప్పుడు, దేన్ని కొలవాలో రెండోదాంట్లో ఉంది. రుబ్రిక్‌లో, అంటే ఏ స్థాయికి ఏం కనిపించాలో చెప్పే దిద్దుబాటు పట్టికలో, రాయాల్సింది ఈ తేడానే. "బాగుంది", "చాలా బాగుంది" అని రాస్తే ఎవరికి తోచినట్టు వాళ్లు వేస్తారు.

ఇంకొకటి, ఎంత సాయంతో రాశారు? ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన పరిశోధన నైపుణ్యాల చట్రం పరిశోధనలోని ఆరు కోణాలతో పాటు విద్యార్థి స్వతంత్రతను కూడా స్థాయిలుగా చూస్తుంది. నాకు అందులో బాగా నచ్చింది ఇదే. నమూనా చూసి నింపిన ప్రశ్న, సొంతంగా వేసిన ప్రశ్న ఒకటి కావు.

ఇక పేర్లు, తేదీలు దాచి, రెండు కట్టల్నీ కలిపేసి ఇద్దరు విడివిడిగా దిద్దాలి. 20 కాగితాల్లో 14 చోట్ల ఇద్దరి మాటా కలిసిందనుకోండి, అంటే 70 శాతం. సంబరపడకండి. ఇద్దరూ చెరో 14 కాగితాలకు "స్థాయి అందింది" అని వేసి ఉంటే, యాదృచ్ఛికంగానే 58 శాతం కలుస్తాయి (0.7×0.7 + 0.3×0.3). మనస్తత్వ శాస్త్రవేత్త జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా అనే కొలత, యాదృచ్ఛికంగా కలిసే ఆ వాటాను తీసేసి ఇద్దరి ఏకాభిప్రాయాన్ని లెక్కిస్తుంది: (0.70-0.58)÷(1-0.58), సుమారు 0.29. ఇది తక్కువే. పిల్లల ప్రగతి గురించి మాట్లాడే ముందు రుబ్రిక్ మాటల్ని సరిచేసుకోవాలి.

అభ్యాసం: మీ దగ్గరున్న పాత ప్రాజెక్ట్ రిపోర్టుల్లోంచి పది తీసుకోండి. వాటిలోని పరిశోధన ప్రశ్నల్ని మాత్రం విడిగా రాసి, మీరూ ఒక సహోద్యోగీ వేర్వేరుగా దిద్దండి. ఎక్కడెక్కడ తేడా వచ్చిందో గుర్తుపెట్టండి, 5వ పాఠం ఆ కాగితాలతోనే మొదలుపెడదాం.