ఒంగోలు ఎండలో ఇంగ్లీషు సానెట్

ఇంటర్‌లో ఇంగ్లీషు పద్యం రాగానే గైడు తెరిచి సారాంశం బట్టీ పట్టకండి. ముందు పద్యాన్ని గట్టిగా మూడుసార్లు చదవండి, అర్థం తర్వాత.

1609లో అచ్చయిన షేక్‌స్పియర్ సానెట్లలో 18వది తీసుకోండి. సానెట్ అంటే 14 పాదాల పద్యం. నిన్ను వేసవి రోజుతో పోల్చనా అని కవి అడుగుతాడు. ఒంగోలులోనో నెల్లూరులోనో చదివేవాళ్ళకు వేసవంటే వడగాడ్పులు, రోహిణి కార్తె. పొగడ్త కాస్తా తిట్టులా వినిపిస్తుంది. ఇంగ్లండులో అది చలి వదిలిన హాయైన కాలం, మే నెలంటే మొగ్గలు తొడిగే వేళ. ఈ ఒక్క సంగతి పెన్సిలుతో పక్కన రాసుకోండి, సగం పద్యం విచ్చుకుంటుంది.

నడక దగ్గర చాలామంది తప్పుతారు. తిక్కన పద్యానికి గురులఘువులు పెట్టినట్టు దీనికి పెడితే కుదరదు. మనకు పలికే కాలం లెక్క, వాళ్ళకు ఒత్తి పలకడం లెక్క. పాదానికి 10 పలుకులు (సిలబుల్స్), ఒకటి తేలిగ్గా, ఒకటి ఒత్తి, అలా ఐదు జంటలు. వేలితో బల్ల మీద తట్టుతూ చదవండి. స్పెల్లింగు చూసి లెక్కపెడితే తప్పు వస్తుంది, చెవినే నమ్మండి.

9వ పాదం మొదట్లో ‘బట్’ కింద గీత గీయండి. వాదన మలుపు తిరిగేది అక్కడే. చివరి రెండు పాదాలకూ ఒకే అంత్యప్రాస.

జవాబులో ‘రూపకం ఉంది’ అని రాసి ఆపేయకండి. సూర్యుణ్ణి ఆకాశపు కన్ను అన్నాడు, ఆ బంగారు ముఖం తరచూ మసకబారుతుంది, కాబట్టి వేసవి నిలకడ లేనిది, ఈ మనిషి అందం అలాంటిది కాదు. అంతదాకా రాయండి.