పదిహేనేళ్లు నిండిన పాత ఎస్‌యూవీకి ఆర్‌సీ రెన్యువల్: దరఖాస్తు విధానం, బండిని సిద్ధం చేసుకునే తీరు

నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద ఏపీ 24 (నల్లగొండ), ఏపీ 22 (మహబూబ్‌నగర్) పాత నంబర్లతో తిరిగే స్కార్పియోలు, బొలెరోలు, సఫారీలు, సుమోలు ఇంకా చాలానే ఉన్నాయి. పదిహేనేళ్లు నిండబోతున్న బండ్లకు ఒక్కొక్కటిగా గడువు దగ్గర పడుతోంది. మోటారు వాహనాల చట్టం (1988) సెక్షన్ 41 ప్రకారం సొంత వాడకపు బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని తనిఖీకి చూపించి, ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. డీజిల్ బండికి పదేళ్లే ఆయుష్షు అని కొందరు భయపెడుతుంటారు. ఆ ఆంక్ష ఢిల్లీ పరిసరాలది, మన తెలంగాణలో లేదు.

ఎక్కువ మంది చేసే పని, ముందు మెకానిక్ షెడ్డుకు తోలడం. ఇంజన్ పని, సస్పెన్షన్ పని, పెయింటు అన్నీ అయ్యి డబ్బులు ఖర్చయ్యాక కాగితాలు తీస్తారు. ఆర్‌సీ ఇంకా మొదటి ఓనరు పేరు మీదే ఉందనో, చాసిస్ నంబరు తుప్పు తినేసిందనో అప్పుడు తెలుస్తుంది. వరుస తిరగేయండి. మొదట కాగితాలు, తర్వాత చాసిస్ నంబరు, ఆ రెండూ సరిగ్గా ఉంటేనే రిపేర్లు, చివరికి పొల్యూషన్, ఇన్సూరెన్స్, స్లాట్.

ఎప్పుడు, ఎక్కడ, ఎంత

దరఖాస్తు ఫారం 25. గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు, అంతకన్నా ముందు కుదరదు. ఉదాహరణకు ఆర్‌సీ మీద గడువు 2026 మార్చి 13 అని ఉంటే, జనవరి 12 నుంచి దారి తెరుచుకుంటుంది. రిపేర్లకు ఆ రెండు నెలలు చాలవు కాబట్టి బండి పని నాలుగైదు నెలల ముందే మొదలుపెట్టాలి.

ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి పెరిగింది. పదిహేనేళ్లు దాటిన కారు, జీపు తరగతి బండికి రెన్యువల్ ఫీజు రూ.5,000. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో రూ.10,000 చేశారు. గడువు దాటాక దరఖాస్తు పెడితే నెలకు రూ.500 చొప్పున అదనం. దీని మీద గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్ల మీద వేసే పర్యావరణ పన్ను), సర్వీసు చార్జీలు ఉంటాయి. బండి నంబరు కొడితే ఎంత కట్టాలో రవాణా శాఖ వెబ్‌సైట్ చూపిస్తుంది. లైఫ్ ట్యాక్స్ ఒకసారి కట్టి ఉంటే రెన్యువల్‌కు మళ్లీ అడగరు.

ఆఫీసు విషయంలో ఒక చిక్కు ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. ఏపీ 24 బండి ఉన్న కోదాడ, హుజూర్‌నగర్ వాళ్లు ఇప్పుడు సూర్యాపేట జిల్లా. ఏపీ 22 బండి ఉన్న కొల్లాపూర్ వాళ్లు నాగర్‌కర్నూల్, అలంపూర్ వాళ్లు గద్వాల, 2019 నుంచి మక్తల్ వాళ్లు నారాయణపేట. బండి నంబరును కాకుండా మీ ఇప్పటి చిరునామాను బట్టి ఆఫీసు ఎంచుకోవాలి. ఆధార్‌లో ఉన్న చిరునామా, ఆర్‌సీలో ఉన్నది వేర్వేరైతే అడ్రస్ మార్పు కూడా కలిపి చేయించుకోండి. రెన్యువల్‌తో నంబరు మారదు, ఏపీ 24 అలాగే ఉంటుంది.

కాగితాలు: చేతులు మారిన బండికి ఇక్కడే ఆగుతుంది

రెన్యువల్ దరఖాస్తు పెట్టాల్సింది ఆర్‌సీలో పేరున్న మనిషి. సెకండ్ హ్యాండ్‌లో కొని సంతకం చేసిన ఖాళీ ఫారాలు బీరువాలో పెట్టుకున్నవాళ్లు ముందు పేరు మార్పించుకోవాలి. దానికి ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, అసలు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఇద్దరి గుర్తింపు కాగితాలు కావాలి. పాత సంతకానికి, ఆర్టీఏ రికార్డులో ఉన్న సంతకానికి తేడా వస్తే అమ్మినాయన స్వయంగా రావాల్సి వస్తుంది. కాబట్టి ఆయన ఫోను నంబరు ఇప్పుడే వెతికి పట్టుకోండి, గడువు వారంలోకి వచ్చాక కాదు. ఓనరు చనిపోయి ఉంటే ఫారం 31, మరణ ధ్రువీకరణ పత్రం, వారసత్వ కాగితాలు పెట్టి వారసుల పేరు మీదికి మార్చాక మిగతా పని.

ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీలో ఫైనాన్సర్ పేరు అలాగే ఉండిపోవడం మామూలే. ఫారం 35 రెండు కాపీల మీద ఫైనాన్సర్ సంతకం, ముద్ర, ఎన్‌వోసీ తెచ్చుకుని దాన్ని కొట్టేయించాలి. చిన్న ఫైనాన్స్ కంపెనీలు మూతపడినచోట ఈ ఒక్క ముద్ర కోసమే నెలలు తిరగాల్సి వస్తుంది. అందుకే దీన్ని మొదట చూసుకోవాలి. ఆర్‌సీ కార్డు పోయి ఉంటే పోలీసు సర్టిఫికెట్‌తో ఫారం 26 పెట్టి డూప్లికేట్ తీసుకోండి. పెండింగ్ చలాన్లు స్లాట్ బుక్ చేసే ముందే కట్టేయడం మేలు.

రాయచూర్ వైపు నుంచి, ఇంకా దూరం నుంచి చవగ్గా వచ్చిన బండ్ల సంగతి వేరు. ఫారం 28 ఎన్‌వోసీ తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, ఇక్కడి నంబరు వేయించుకోవాలి. ఢిల్లీలో రిజిస్ట్రేషన్ రద్దయిన బండికి ఇక్కడ ఏ ఏజెంటూ రెన్యువల్ చేయించలేడు. ‘చేయిస్తా’ అన్నవాడిని నమ్మి డబ్బులివ్వకండి.

చాసిస్ నంబరు

ఈ బండ్లన్నీ ల్యాడర్ ఫ్రేమ్‌వి, అంటే కింద నిచ్చెన లాంటి ఇనుప చట్రం ఉన్నవి. చాసిస్ నంబరు కింద ఫ్రేమ్ పొడుగు పట్టీ మీద, సాధారణంగా కుడివైపు చక్రం దగ్గర కొట్టి ఉంటుంది. పదిహేనేళ్ల మట్టి, గ్రీజు, అండర్‌కోటింగ్ దాని మీద గట్టిగా పేరుకుపోతాయి. పొలాల్లో, దమ్ము చేసిన మడుల పక్కన తిరిగిన బండికైతే నంబరు ఎక్కడుందో కూడా కనబడదు. కిరోసిన్‌లోగానీ డీజిల్‌లోగానీ ముంచిన గుడ్డను దాని మీద అదిమి అరగంట ఉంచండి. తర్వాత ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. గ్రైండర్, ఉప్పు కాగితం దగ్గరికి రానీయొద్దు. లోహం మీద కొత్త గీతలు కనిపిస్తే నంబరు తారుమారు చేశారన్న అనుమానం మీ మీదికే వస్తుంది.

శుభ్రమయ్యాక పల్చటి తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ పక్కకు వాల్చి రుద్దితే నంబరు అచ్చు పడుతుంది. మొత్తం 17 అక్షరాలూ అంకెలూ ఉండాలి. మహీంద్రా అయితే ఎంఏ1తో, టాటా అయితే ఎంఏటీతో, టయోటా కిర్లోస్కర్ అయితే ఎంబీజేతో మొదలవుతుంది. దాన్ని ఆర్‌సీతో ఒక్కో అక్షరం సరిచూడండి. ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు చాసిస్ నంబరులో వాడరు. ఆర్‌సీలో ఓ కనిపిస్తే అది సున్నా అని, ఐ కనిపిస్తే ఒకటి అని అర్థం. నమోదు చేసినప్పుడు జరిగిన పొరపాటు అది. పెన్సిల్ అచ్చు, పాత ఇన్సూరెన్స్ పాలసీలు, దొరికితే అసలు ఇన్వాయిస్ జతచేసి సవరణకు పెట్టుకోవాలి. తుప్పు వల్ల రెండు మూడు అక్షరాలు పోయి ఉంటే, ఆర్టీఏ రాతపూర్వక అనుమతితోనే తిరిగి కొట్టించాలి. షెడ్డులో పంచింగ్ సెట్టు ఉంది కదా అని కొట్టిస్తే అది నేరం కిందకు వస్తుంది.

ఇంజన్ నంబరు కూడా ఇలాగే. హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చి బిగించిన బండ్లు ఈ వయసులో కొల్లలు. బిగించడం తప్పు కాదు, ఆర్‌సీలో రాయించకపోవడమే తప్పు. బిల్లు లేని ఇంజన్‌కు అది ఎక్కడిదో చెప్పడం కష్టం.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టేలోపు

జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ మొదట చూసేది నంబర్లు, తర్వాత ఆ పేరుకు తగ్గట్టే బ్రేకులు. పెడల్ తొక్కే బలాన్ని పెంచే బూస్టరు పనిచేస్తోందో లేదో ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చు. ఇంజన్ ఆపి పెడల్ ఐదారు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. దాన్ని అలాగే నొక్కి పట్టి ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే వాక్యూమ్ గొట్టమో, పంపో, బూస్టరో పోయినట్టు. నొక్కి పట్టినకొద్దీ పెడల్ మెల్లగా నేల వరకు దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపల సీలు పోయింది లేదా ఎక్కడో ఫ్లూయిడ్ కారుతోంది. వెనక డ్రమ్ములు విప్పించి వీల్ సిలిండర్ రబ్బరు కప్పు కింద తడి ఉందేమో చూడమనండి. ఆ తడి లైనర్‌కు అంటితే బండి ఒక పక్కకు లాగుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చని ఫ్లూయిడ్‌తో మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ దిగితే అది మరిగి, పెడల్ ఒక్కసారిగా మెత్తబడిపోతుంది. రెన్యువల్ ఉన్నా లేకున్నా రెండేళ్లకోసారి మార్చాల్సిందే.

హ్యాండ్ బ్రేక్ కేబుల్ సాగి, లీవర్ పైదాకా వచ్చేస్తుంటే సర్దించండి లేదా మార్పించండి. స్టీరింగ్ తిప్పుతుంటే చక్రం కదలకముందే చేతిలో ఆట ఎక్కువగా ఉంటే టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు చూడాలి. టైరు గాడుల్లో అడ్డంగా ఉండే చిన్న గుర్తు 1.6 మిల్లీమీటర్ల ఎత్తుకు పెట్టింది. టైరు దాని దాకా అరిగితే మార్చాల్సిందే. లైట్లు, ఇండికేటర్లు, వైపర్, హారన్, సీటు బెల్టులు అన్నీ పనిచేయాలి. మసకబారిన హెడ్‌లైట్ అద్దాన్ని పాలిష్ చేయించవచ్చుగానీ, లోపలి రిఫ్లెక్టర్ నల్లబడితే పాలిష్‌తో పనికాదు.

తీయాల్సినవి కూడా ఉన్నాయి. ముందు కట్టిన ఇనుప బంపర్ గార్డు (2017 డిసెంబరులో కేంద్రం వద్దంది), నల్ల ఫిల్ములు (2012లో సుప్రీంకోర్టు వద్దంది), టాపు మీద లైట్ల బారు, కంపెనీది కాని హారన్. అద్దం మీద పదవుల స్టిక్కర్లు కూడా వచ్చేముందే గీకేస్తే మంచిది, ఇన్‌స్పెక్టర్ ముందు అవి పనిచేయవు. తెల్ల బండికి నల్ల రంగు వేయించి ఆర్‌సీలో రాయించకపోతే అదీ అభ్యంతరమే.

పొగ

పాత డీజిల్‌కు పొల్యూషన్ పరీక్షలో అసలు సమస్య నల్ల పొగ. బీఎస్-3 (భారత్ స్టేజ్ అనే కాలుష్య ప్రమాణం), అంతకన్నా పాత బండికి పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ నలుపును కొలిచే లెక్క), బీఎస్-4కు 50. 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాద్ సహా 13 నగరాల్లో బీఎస్-4 వచ్చింది, దేశమంతటికీ వచ్చింది 2017 ఏప్రిల్‌లో. అందుకే ఒకే ఏడాది తయారైన రెండు స్కార్పియోల్లో, హైదరాబాద్‌లో రిజిస్టరైనది బీఎస్-4, నల్లగొండలోది బీఎస్-3 కావచ్చు. మీది ఏదో చూసుకోండి. సర్టిఫికెట్ గడువు కూడా మారుతుంది: బీఎస్-4కు ఏడాది, పాతవాటికి ఆరు నెలలు.

నల్ల పొగ అంటే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. చవకైన కారణాల నుంచి మొదలుపెట్టండి: ఎయిర్ ఫిల్టర్, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే గొట్టంలో పగులు, మసి పట్టిన ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది). ఇవన్నీ చూశాకే ఇంజెక్టర్ల జోలికి పోవాలి, ఖర్చంతా అక్కడే. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోంది, వేడెక్కినా తగ్గని తెల్ల పొగ వస్తే కూలెంట్ లోపలికి పోతుండవచ్చు. ఈ రెంటికీ ట్యూనింగ్‌తో పని జరగదు. పరీక్షకు చల్లటి ఇంజన్‌తో పోవద్దు. చిట్యాల, నార్కట్‌పల్లి మధ్యనో జడ్చర్ల దగ్గరో హైవే మీద పదిహేను ఇరవై కిలోమీటర్లు గేరు కాస్త తగ్గించి నడిపించి, అదే వేడి మీద తీసుకెళ్లండి. పరీక్షలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు కాబట్టి, టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్ అయితే బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకుండా పోకండి. తెగితే వాల్వులు వంగుతాయి.

వేసవిలో స్లాట్ దొరికితే రేడియేటర్ సంగతి కూడా చూసుకోండి. ఏళ్లుగా బోరు నీళ్లు పోసిన రేడియేటర్‌లో సున్నం పొర కడుతుంది. రోడ్డు మీద గాలి తగిలినంతసేపూ బాగానే ఉండి, ఎండలో క్యూలో ఇంజన్ ఆడుతుంటే కాగిపోతుంది. శుభ్రం చేయించి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపి నింపాలి.

ఇన్సూరెన్స్, స్లాట్, తనిఖీ రోజు

1500 సీసీ దాటిన కార్లకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్‌లో రూ.7,897గా నిర్ణయించారు, జీఎస్టీ అదనం. ఇన్సూరెన్స్ ఉంది కదా అని రిజిస్ట్రేషన్ గడువు దాటనివ్వొద్దు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ ముగిశాక దొంగతనానికి గురైన ఒక బొలెరో కేసులో 2021లో సుప్రీంకోర్టు క్లెయిమ్ కొట్టివేసింది. గడువు దాటిన బండి రోడ్డెక్కితే సెక్షన్ 192 కింద మొదటిసారి రూ.5,000 వరకు, మళ్లీ దొరికితే రూ.10,000 వరకు జరిమానా పడవచ్చు.

రవాణా శాఖ వెబ్‌సైట్‌లో సర్వీసు, ఆఫీసు, తేదీ ఎంచుకుని ఫీజు కట్టి స్లాట్ తీసుకోండి. చేతకాకపోతే మీసేవకు వెళ్లండి. ఆ రోజు ఫారం 25, అసలు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, గ్రీన్ ట్యాక్స్ రసీదు, ఆధార్, పాన్ (లేకపోతే లేదని రాసిచ్చే ఫారం 60), పెన్సిల్ అచ్చు తీసుకుని బండితో పాటు ఓనరు వెళ్లాలి. ముందు రోజు బండి కడిగించండి, కానీ ఇంజన్ మీద ప్రెషర్ నీళ్లు కొట్టించొద్దు. తడిసిన కనెక్టర్ల వల్ల పొద్దున్నే హెచ్చరిక లైటు వెలగడం ఈ వయసు బండ్లకు కొత్త కాదు.

తనిఖీలో లోపం చెబితే ఏది, ఎందుకు అని స్పష్టంగా రాయించుకుని, అదే సరిచేయించి మళ్లీ చూపించండి. పాసైతే కార్డు స్పీడ్ పోస్టులో వస్తుంది. కవరు విప్పగానే కొత్త గడువు తేదీ, పేరు, చాసిస్ నంబరు ఒకసారి సరిచూసుకోండి, తప్పుంటే ఆ వారమే సవరణకు పెట్టండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త ఆర్‌సీ కాపీ పంపండి.

ఫ్రేమే తుప్పు తిని, రిపేరు ఖర్చు బండి ధరను దాటిపోతుంటే రెన్యువల్ మానుకోవడమే తెలివి. అప్పుడు కూడా గుజిరీ వాడికి అమ్మి చేతులు దులుపుకోవద్దు. ఆర్‌సీ రద్దయ్యేవరకు ఆ నంబరు మీద జరిగే ప్రతిదానికీ రికార్డులో మీరే ఓనరు. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ (బండి అప్పగించినట్టు రుజువు) తీసుకోండి, ఆర్టీఏలో రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోండి. కొత్త బండి కొనేటప్పుడు ఆ సర్టిఫికెట్‌తో పన్ను రాయితీ అడగవచ్చు.