మున్సిపల్ నీళ్ళే వాడుతున్నా గార పడుతోందా? ముందు ఇవి చూడండి

ఒంగోలులో ఇళ్ళకు నీళ్ళ పనులు, గీజర్ పనులు చేస్తుంటాను. నాకు వచ్చే పిలుపుల్లో ఎక్కువ భాగం గార వల్లే. సాగర్ కుడి కాలువ నుంచి వచ్చే మున్సిపల్ నీళ్ళతో ఇంత బాధ ఉండదు. బోరు నీళ్ళలో సున్నం, మెగ్నీషియం ఎక్కువగా కరిగి ఉంటాయి. ఆ నీళ్ళు కాగినా, ఆరినా అవి తెల్లగా గట్టిపడి అంటుకుంటాయి. అదే గార. తాగేనీటి ప్రమాణాల్లో కాఠిన్యం, అంటే ఈ సున్నం, మెగ్నీషియం లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ఉంది. వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు.

కుళాయిలో ధార సన్నబడింది

మోటారు జోలికి, గోడ జోలికి వెళ్ళకండి. కుళాయి మూతి దగ్గరున్న జాలీ విప్పండి. చేత్తో తిరగకపోతే గుడ్డ చుట్టి ప్లయర్‌తో తిప్పండి. జాలీ లేకుండా ధార బాగా వస్తే మీ సమస్య ఆ జాలీయే. గ్లాసు వేడినీళ్ళలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, అందులో జాలీని గంటసేపు వేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. షవర్‌కూ ఇదే మందు. వాషింగ్ మెషీన్‌లోకి నీళ్ళు నెమ్మదిగా వస్తుంటే, వెనక పైపు విప్పి, అది బిగించే చోట లోపలున్న చిన్న జాలీ తీసి కడగండి.

పది నిమిషాల పని ఇది. ఇది చూడకుండా కుళాయిలన్నీ మార్పించిన ఇళ్ళు, టైల్స్ పగలగొట్టించిన ఇళ్ళు ఎన్నో చూశాను. ఆ డబ్బు తలుచుకుంటే నాకే బాధేస్తుంది. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం కుళాయిల మీద పోయకండి, పైపూత లేచిపోతుంది. యాసిడ్‌ను బ్లీచింగ్‌తో అసలే కలపకూడదు, విషవాయువు వస్తుంది.

గీజర్‌లో టపటప శబ్దం, నీళ్ళు ఆలస్యంగా కాగడం

నీళ్ళు కాచే కడ్డీ, అదే ఎలిమెంట్, దాని చుట్టూ సున్నం పెంకు కట్టింది. నీళ్ళకు వేడి అందక ఎలిమెంట్ తనలో తానే కాలిపోతుంది. కరెంటు బోర్డులో గీజర్ ఎంసీబీ స్విచ్ ఆపి, నీళ్ళు దింపి, ఎలిమెంట్ బయటికి తీయించి శుభ్రం చేయించాలి. గీజర్ ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం రాడ్ అరిగిపోయి ఉంటే అదీ మార్చాలి. బోరు నీళ్ళ ఇంట్లో ఏడాదికోసారి ఈ పని తప్పదు. థర్మోస్టాట్‌ను 50–55 డిగ్రీల దగ్గర ఉంచండి. నీళ్ళు ఎంత ఎక్కువ కాగితే గార అంత త్వరగా పడుతుంది.

"మేం బోరు నీళ్ళు వాడటం లేదు, అయినా గార పడుతోంది"

ఈ మాట నన్ను బాగా దెబ్బతీసింది. కర్నూలు రోడ్డు వైపు ఒక ఇంట్లో ఏడాది తిరక్కుండానే గీజర్ ఎలిమెంట్ రెండుసార్లు మార్చాను. బాత్రూములకు, వంటింటికి సంపులో పట్టిన మున్సిపల్ నీళ్ళే ఎక్కిస్తున్నామని, బోరు మొక్కలకూ, వాకిలి కడగడానికీ మాత్రమేనని వాళ్ళు చెప్పారు. నమ్మాను. ఎలిమెంట్లే నాసిరకం అనుకున్నాను. రెండోసారి పని ముగించుకుని వస్తుంటే ఆ ఇంటావిడ అన్నారు: "అన్నా, గేటు దగ్గర కుళాయిలో పట్టిన నీళ్ళతో అయితే కందిపప్పు మెత్తగా ఉడుకుతోంది. అవే నీళ్ళు సంపులోంచి తీస్తే పలుకు పలుకుగా ఉంటోంది." సున్నం ఎక్కువున్న నీళ్ళలో పప్పు ఉడకదని మన ఇళ్ళలో ఎప్పటినుంచో తెలిసిన విషయమే. అప్పుడు గానీ నేను సంపు మూత తీయలేదు.

మన దగ్గర చాలా ఇళ్ళలో బోరు పైపు, సంపు మోటారు పైపు కింద ఒకచోట కలిసి, ఒకే పైపుగా మేడ మీది ట్యాంకుకు వెళతాయి. కలిసే చోట రెండు వైపులా రెండు గేట్ వాల్వులు ఉంటాయి. బోరు వేసేటప్పుడు సంపు వైపు వాల్వు కట్టేస్తారు, సంపు మోటారు వేసేటప్పుడు బోరు వైపుది కట్టేస్తారు. అయితే గేట్ వాల్వు లోపల పలక దిగే గాడిలో ఇసుక, సున్నం పేరుకుంటాయి. పిడి గట్టిగా బిగుస్తుంది, మూసుకుంది అనుకుంటాం. లోపల సందు అలాగే ఉంటుంది. సంపు మోటారు నీళ్ళు పీల్చే పైపు అడుగున, నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వు కూడా సరిగ్గా పట్టకపోతే, బోరు వేసిన ప్రతిసారీ ఆ నీళ్ళు సంపు మోటారులోంచి వెనక్కి వెళ్ళి సంపులో పడతాయి. అలా మంచి నీళ్ళలో బోరు నీళ్ళు రోజూ కొంచెం కొంచెం కలుస్తాయి. ఇల్లంతా "మున్సిపల్ నీళ్ళే" అనుకుంటూ ఉంటారు.

దీన్ని పట్టుకోవడానికి ఎవరినీ పిలవక్కర్లేదు. మున్సిపల్ నీళ్ళు రాని వేళ చూసుకుని, సంపు గోడ మీద నీటి మట్టం దగ్గర బొగ్గుతో గీత పెట్టండి. సంపు మోటారు ఆపి, సంపు వైపు వాల్వు మామూలుగా ఎలా కడతారో అలాగే కట్టి, అరగంట బోరు వేయండి. నీళ్ళు గీత దాటి పైకి వస్తే దొంగ దొరికినట్టే. నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటర్ ఉంటే గేటు కుళాయి దగ్గర ఒకసారి, సంపులో ఒకసారి చూడండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఆ ఇంట్లో సంపు అంకె రెట్టింపు పైనే ఉంది. ఇంకో గుర్తు: సంపు మోటారు వేసిన ప్రతిసారీ ముందు అందులో నీళ్ళు పోయాల్సి వస్తుంటే ఫుట్ వాల్వు పోయినట్టే.

పరిష్కారం: ఆ రెండు గేట్ వాల్వులు తీసేసి బాల్ వాల్వులు వేయించండి. సంపు మోటారు నుంచి నీళ్ళు పైకి వెళ్ళే డెలివరీ పైపు మీద ఎన్‌ఆర్‌వి (నీళ్ళను ఒకవైపుకే వదిలే వాల్వు) ఒకటి పెట్టించండి, ఫుట్ వాల్వు మార్పించండి. ఎన్‌ఆర్‌వి మీద బాణం గుర్తు నీళ్ళు వెళ్ళే వైపే ఉండాలి. తిరగేసి బిగించిన వాటిని నేనే విప్పాను. చోటు, డబ్బు ఉంటే బోరుకు విడిగా పైపు, విడిగా ట్యాంకు పెట్టుకోవడమే అన్నిటికంటే మంచిది. తర్వాత సంపు, పై ట్యాంకు ఖాళీ చేసి కడిగించాలి. పాత నీళ్ళు అలాగే ఉంటే బాగైందో లేదో తెలియదు. ఆ ఇంట్లో మూడో ఎలిమెంట్ ఇప్పటికీ పనిచేస్తోంది.

సాఫ్ట్‌నర్ పెట్టాం, టీడీఎస్ తగ్గలేదు

తగ్గదు. సాఫ్ట్‌నర్ సున్నాన్ని తీసి దాని బదులు సోడియం వదులుతుంది, అందుకే మీటర్ అంకె అక్కడే ఉంటుంది. సబ్బు నురగ బాగా వస్తుందో లేదో చూడండి, లేదా చుక్కలు వేసి చూసే కాఠిన్యం కిట్‌తో చూడండి. నురగ రాకపోతే దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: సాఫ్ట్‌నర్‌లో వేయాల్సిన ఉప్పు అయిపోయింది, ఎవరూ వేయలేదు. కొత్తపట్నం వైపు బోర్లలో సముద్రపు ఉప్పదనం ఉంటే మాత్రం సాఫ్ట్‌నర్ దాన్ని తీయలేదు.

మిగతావి అరుదు. నీళ్ళు ఎర్రగా వస్తే ఇనుము, అది వేరే ఫిల్టర్ పని. పైపుకు కట్టే అయస్కాంతాలతో గార తగ్గిన ఇల్లు నేనింతవరకు చూడలేదు. జాలీ విప్పినా, గోడ దగ్గరుండే చిన్న వాల్వు (యాంగిల్ కాక్) మార్చినా ధార రాకపోతే పాత ఇనుప పైపు లోపలే పూడుకుపోయి ఉంటుంది, దాన్ని మార్చాల్సిందే.