ఇంగ్లీషు అరుదైన పదాలు, పాఠం 7: కాగ్నాసిబుల్

పోయిన పాఠంలో ఇంటెలిజిబుల్ చూసినాం గదా, ఈసారి దానికంటే చానా తక్కువగా కనపడే పదం. స్పెల్లింగ్ సి ఓ జి ఎన్ ఓ ఎస్ సి ఐ బి ఎల్ ఈ, పలికేటప్పుడు ఒత్తు 'నా' మీద పడాల. అర్థం, తెలుసుకోడానికి వీలున్నది.

'తెలిసినది' అని మాత్రం రాసుకోవద్దండి, అక్కడే అంతా తారుమారైపోతాది. ఇప్పుడు ఎవరికైనా తెలుసా లేదా అన్నదాంతో ఈ పదానికి పనిలేదు, తెలుసుకునే దారి ఉందా అన్నదే లెక్క.

మన తిరుమల ఘాట్ రోడ్డులో ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ (మధ్య కాలం పొరలు లేకుండా పాత రాయి మీద కొత్త రాయి నేరుగా కూర్చున్న చోటు) అని బోర్డు ఉంటాది, బస్సులో పోతా చానామంది చూసే ఉంటారు. కింద గ్రానైట్, దానిపైన నగరి క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి మారి గట్టిపడిన రాయి), ఈ రెండిటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల తేడా. 1896లో రేడియోధార్మికత బయటపడకముందు (ఇట్లాంటి రాళ్ల వయసు లెక్కగట్టేది దాని ఆధారంగానే) ఆ గ్రానైట్ వయసు లెక్కగట్టే దారే మనుషుల చేతిలో లేదు, అయినా వయసు చెప్పే ఆనవాళ్లు రాయిలోనే ఉన్నాయి కాబట్టి అప్పుడు కూడా 'ది ఏజ్ ఆఫ్ ద గ్రానైట్ వాజ్ కాగ్నాసిబుల్' అనొచ్చు. నోన్ (తెలిసినది) కాదు, కాగ్నాసిబులే. నాకైతే ఈ పదం అందమంతా ఈ తేడాలోనే ఉంది.

మూలం లాటిన్ కాగ్నోస్కెరె, తెలుసుకోవడం. రికగ్నైజ్, ఇన్‌కాగ్నిటో కూడా ఆ ఇంటివే, ఇంకా వెనక్కి పోతే మన 'జ్ఞా' ధాతువు కూడా వీటికి చుట్టమే, అందుకే తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట 'జ్ఞేయం'.

కాగ్నిజబుల్‌తో మాత్రం కలపొద్దు. పోలీస్ స్టేషన్‌లో వినపడే కాగ్నిజబుల్ అఫెన్స్ అంటే వారెంట్ లేకుండా అరెస్ట్ చేయగల నేరం, అది చట్టం మాట.

వాడుక చెప్తా. ఎక్కువగా తత్వశాస్త్రం రాతల్లో వస్తాది, 'కాగ్నాసిబుల్ బై రీజన్' అంటే తర్కంతో తెలుసుకోదగ్గది. ఇంటర్వ్యూలో, ఈమెయిల్లో వాడకండి, అక్కడ నోవబుల్ చాలు.

ఇంటిపని: గ్రానైట్‌కీ క్వార్ట్‌జైట్‌కీ మధ్య కాలంలో పేరుకున్న పొరలేవైనా ఉండి, ఆనవాలు లేకుండా కొట్టుకుపోయి ఉంటే, వాటి వయసు కాగ్నాసిబులా కాదా? కారణంతో రెండు వాక్యాలు రాయండి, పాఠం 8లో ఇన్‌కాగ్నాసిబుల్‌ని అక్కడినుంచే మొదలుపెడదాం.